చెదలు తిన్న అక్షరం

నల్లవాగుపాలెం రిజర్వు పదాతి దళానికి యాభై ఏళ్ళు నిండాయి. ఈ యాభై ఏళ్ళలో దళం ఎవరినీ కాల్చలేదు, ఎవరి చేతా కాల్పించుకోలేదు. దేశానికి ఇది మంచి సంగతే కదా అని మామూలు మనుషులు అనుకుంటారు. మామూలు మనుషులకు సైనిక చరిత్ర అంటే ఏమిటో తెలియదు.

రిజర్వు దళమంటే ఏడాదికి రెండు నెలలు సైన్యం, పది నెలలు సంసారం. మే నెల రాగానే కండక్టర్లూ, కాంపౌండర్లూ, దర్జీలూ, మిషను ఆపరేటర్లూ పెట్టెల్లోంచి యూనిఫారాలు తీసి, పొట్ట దగ్గర ఎంత బిగుసుకుందో చూసుకుని, ఊరి బయట శిబిరానికి చేరతారు. ఊళ్ళోవాళ్ళు దీన్ని ఎండాకాలం సైన్యం అంటారు. ఒకసారి సరిహద్దులో నిజంగానే యుద్ధం వచ్చింది. దళమంతా బ్యాండు వాయించుకుంటూ రైల్వేస్టేషనుకు కవాతు చేసింది. రైలు తొమ్మిది రోజులు ఆలస్యం. రైలు వచ్చేసరికి యుద్ధం అయిపోయింది. స్టేషను మాస్టరు తలుపు దగ్గర నిలబడి అందరికీ మజ్జిగ ఇచ్చి పంపించాడు. దళం చరిత్రలో ఇంతకన్నా యుద్ధానికి దగ్గరగా వెళ్ళిన సందర్భం లేదు.

అలాంటి దళానికి స్వర్ణోత్సవం ముందర ప్రధాన కార్యాలయంలోని చరిత్ర పరిశీలన విభాగం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది.

"స్వర్ణోత్సవము జరుపుకొను ప్రతి రిజర్వు దళము తన చరిత్రను నూట ఇరువది పుటలకు తగ్గకుండ సమర్పించవలెను. అందు కనీసము ఒక్క యుద్ధమైనను ఉండవలెను. యుద్ధము లేని దళములు చరిత్ర లేనివిగా పరిగణింపబడి, చరిత్ర గల దళములయందు విలీనము చేయబడును."

దళాధిపతి కల్నల్ సుదర్శనం ఈ కాగితాన్ని మూడుసార్లు చదివి హవల్దారు వేదాద్రిని పిలిపించాడు. మాచవరపు వేదాద్రి పది నెలలు హైస్కూల్లో తెలుగు మాస్టారు, రెండు నెలలు దళంలో గుమాస్తా. సంధులూ సమాసాలూ చెప్పే నోటితోనే హాజరు పిలుస్తాడు. దళం మొత్తంలో ఒక వాక్యం మొదలుపెట్టి తప్పు లేకుండా ముగించగలిగినవాడు అతనొక్కడే కాబట్టి చరిత్ర అతని నెత్తిన పడింది.

"వేదాద్రీ, మనకి యుద్ధాలేమైనా ఉన్నాయా?" అన్నాడు కల్నల్, ఇంట్లో పంచదార ఉందా అని అడిగినంత మామూలుగా.

"యుద్ధాలు లేవు సార్. తుపాను ఉంది."

తుపాను సంగతి వేదాద్రికి ఊరికే తెలిసింది కాదు.

దళం పెట్టిన పదో ఏడు మే నెలలో పెద్ద తుపాను వచ్చి సముద్రం ఉప్పుకయ్యల అనే పల్లె మీదికి వచ్చేసింది. శిబిరానికీ ఆ పల్లెకీ రెండు మైళ్ళు. దళమంతా తాళ్ళూ గునపాలూ పట్టుకుని వరసలో నిలబడింది. అప్పటి దళాధిపతి లిఖితపూర్వకమైన ఉత్తర్వు లేనిదే గేటు తెరవనన్నాడు. ఉత్తర్వు కోసం తంతి పంపారు. తంతి స్తంభాలు అప్పటికే నీళ్ళలో పడి ఉన్నాయి. సిపాయి నంబరు రెండువందల పదిహేడు, మాచవరపు కోటిలింగం, ఊళ్ళో సైకిలు షాపతను, వరసలోంచి తప్పుకుని గోడ దూకాడు. షాపులో ఉన్న ట్యూబులన్నీ గాలికొట్టి ఒకదానికొకటి కట్టి, ఉప్పుకయ్యలనుంచి అరవై ఒక్కమందిని దిబ్బ మీదికి లాగాడు. ఏడోసారి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. మూడోరోజున ఉత్తర్వు వచ్చింది, తడిసి ముద్దై. అప్పటికి నీళ్ళు తీశాయి. గేటు తెరిచారు.

శవం దొరకలేదు. శవం దొరకనివాడు చనిపోయినట్టు కాదు. అనుమతి లేకుండా గోడ దూకినవాడు విధి నిర్వహణలో ఉన్నట్టూ కాదు. అందుచేత రిజిస్టరులో కోటిలింగం పేరుకెదురుగా "గైర్‌హాజరు" అని రాశారు. గైర్‌హాజరైనవాడి పేరు వాడు వచ్చేదాకా కొట్టివేయరాదని నియమం. నలభై ఏళ్ళుగా ప్రతి మే నెలలో శిబిరం మొదటిరోజు ఉదయం "రెండువందల పదిహేడు, కోటిలింగం" అని పిలుస్తారు. ఎవరూ పలకరు. "గైర్‌హాజరు" అని రాసుకుంటారు. గత పద్దెనిమిదేళ్ళుగా ఆ పేరు పిలుస్తున్నదీ, ఆ మాట రాస్తున్నదీ కోటిలింగం కొడుకు వేదాద్రి.

దళం ఆవరణలో అమరుల కోసమని ఒక నల్లరాయి ఉంది. దళం పుట్టిన ఏడే తెప్పించి పెట్టారు. దాని మీద ఇంతవరకూ ఒక్క పేరూ లేదు. వేదాద్రికి జీవితంలో కోరిక ఏమిటంటే రిజిస్టరులోంచి ఆ మాట పోవాలి, ఆ రాయి మీదికి తండ్రి పేరు రావాలి. తల్లి శేషారత్నం బతికుండగానే రావాలి.

"తుపాను రాయవయ్యా," అన్నాడు కల్నల్. "ప్రకృతి మీద యుద్ధమంటే మాత్రం యుద్ధం కాదా? మీ నాన్న పేరు రాయి మీద చెక్కించే పూచీ నాది."

వేదాద్రి సెలవులన్నీ ధారపోసి నూట ముప్పై పేజీలు రాశాడు. అందులో నలభై పేజీలు తుపాను. రాస్తూ ఒకటి రెండుచోట్ల ఏడ్చాడు కూడా. ఆధారంగా దళం పుట్టిన నాటినుంచి ఉన్న దినచర్య రిజిస్టర్లన్నీ పెట్టెలో పెట్టి చరిత్రతోబాటు పంపించారు. వేదాద్రి చేసిన పొరపాటల్లా ఆ పెట్టె పంపడమే.

రెండు నెలలకు జవాబు వచ్చింది.

"తమరు సమర్పించిన తుపాను పరిశీలింపబడినది. తుపాను యుద్ధము ప్రకటించినట్లు దాఖలా లేదు. తుపానుకు జెండా గాని, సేనాపతి గాని, సరిహద్దు గాని ఉన్నట్లు చూపబడలేదు. కావున సదరు తుపానును శత్రువుగా గుర్తించుటకు వీలులేదు. నలుబది పుటలు తొలగించవలెను.

అయినను, దళము నాలుగవ సంవత్సరపు దినచర్య రిజిస్టరు నలుబది యొకటవ పుటలో ఒక మహత్తర సంఘటన నమోదై యుండగా, తమరు దానిని ఒక్క వాక్యములోనైనను ప్రస్తావింపకుండుట ఈ విభాగమునకు ఆశ్చర్యము కలిగించినది. పరిశీలనకు మేజర్ త్రివిక్రమరావు గారు స్వయముగా విచ్చేయుచున్నారు."

వేదాద్రి ఉత్తరంతోబాటు వచ్చిన ఆ పుట నకలు తీసి చూశాడు. చూసి కుర్చీలో వెనక్కి వాలాడు.

ఆనాటి గుమాస్తా పెన్సిలుతో రాసిన పుట అది. "వైశాఖ శుద్ధ దశమి, గురువారం. సాయంత్రం అయిదున్నరకు పొలిమేర దగ్గర ఎదురుకో" అని ఉంది. తరవాతి అక్షరాన్ని చెదలు తిన్నాయి. ఆపైన ఇలా ఉంది: "అవతలివాళ్ళు ముప్పై నలుగురు, సైకిళ్ళ మీద. మనవాళ్ళు దళం మొత్తం. ఔట్లు పన్నెండు పేల్చాము. అందరి బట్టలూ ఎర్రన. పదకొండుమంది పడిపోయారు. కోటిలింగాన్ని మన అధీనంలోకి తీసుకున్నాము. మిగతావాళ్ళని విడిదిలో ఉంచాము."

చెదలు తిన్న అక్షరం "లు". మాట "ఎదురుకోలు". పెళ్ళికొడుకు వాళ్ళు ఊరి పొలిమేరకు రాగానే ఆడపెళ్ళివారు మేళంతో ఎదురెళ్ళి, ఔట్లనే బాణసంచా పేల్చి, పానకమిచ్చి, వసంతం చల్లి లోపలికి తీసుకొచ్చే వేడుక. ఆ పెళ్ళికూతురు దళం వంటవాడి కూతురు శేషారత్నం. పెళ్ళికొడుకు సైకిలు షాపు కోటిలింగం. అప్పటికతను దళంలో లేడు. మామగారి మాట కాదనలేక తరవాత చేరాడు. వంటవాడి మీద గౌరవంతో ఆ సాయంత్రం దళమంతా ఆడపెళ్ళివారై పొలిమేరకు వెళ్ళింది. దళమంతా కదిలింది కనక గుమాస్తా రిజిస్టరులో రాశాడు. అతని నిజాయితీ ఇలా కొంప ముంచుతుందని పాపం అతనికేం తెలుసు.

మేజర్ త్రివిక్రమరావు భూతద్దంతో దిగాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒక ఫైలును చంటిపిల్లలా ఎత్తుకుని ఉంటాడు. రైలు దిగిన గంటలో పొలిమేరకు వెళ్ళి నేల మీద బోర్లా పడుకుని చూశాడు.

"ఇక్కడ వ్యూహాత్మక మెరక ఉన్నది," అన్నాడు.

"అది పుట్ట సార్," అన్నాడు వేదాద్రి.

"ఆ కాలమున మెరకయే అయి యుండును." మేజర్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "హవల్దార్, 'ఎదురుకో' అని రాసి ఉన్నది. తరవాత చెద. దీనిని మీరెట్లు పూరింతురు?"

"ఎదురుకోలు సార్. అది పెళ్ళి."

"మేము 'ఎదురుకోవడం' అని పూరించితిమి. ముగ్గురు సభ్యుల సంఘము ఏకగ్రీవముగా పూరించినది."

"సార్, అది మా అమ్మా నాన్నల పెళ్ళి!"

"అటులైన మీ అమ్మగారు ప్రత్యక్ష సాక్షి అన్నమాట," అన్నాడు మేజర్, కళ్ళు మెరుస్తూ. "వారి వాంగ్మూలము అత్యవసరము."

మర్నాడు ఉదయం మేజరూ, కల్నలూ, టైపు మిషనుతో ఒక సిపాయీ వేదాద్రి ఇంటికి వచ్చారు. శేషారత్నం వాళ్ళకి ముంతల్లో మజ్జిగ ఇచ్చి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. అరవై నాలుగేళ్ళ మనిషి. మొగుడు పోయినట్టు ఎవరూ కాగితం మీద చెప్పలేదు కాబట్టి ఇంకా బొట్టు పెట్టుకుంటుంది. ఇరుగుపొరుగు మొదట్లో ఏదో అన్నారు. "చనిపోయాడని సర్కారోళ్ళని రాసి ఇమ్మను, అప్పుడు తీస్తా" అని ఆమె కొంగు దోపుకుని నిలబడితే నోళ్ళు మూతపడ్డాయి.

"అమ్మా, ఆనాడు అవతలి పక్షము ఎటునుండి వచ్చినది?" అడిగాడు మేజర్.

"పడమటి నుంచి బాబూ. నాలుగింటికి వస్తామన్నోళ్ళు అయిదున్నరకి ఊడిపడ్డారు. మా నాయన కాలుగాలిన పిల్లిలా తిరిగాడు."

"వ్యూహాత్మక జాప్యము," అని మేజర్ టైపు సిపాయికి చెప్పాడు. "సంఖ్యాబలము?"

"ఇరవై మందని కబురుచేశారు. తీరా చూస్తే ముప్పై నలుగురు. మా వాళ్ళకి కూడు చాల్లా."

"సంఖ్యను దాచి మోసగించిరి. వ్రాయుము. ఔట్లు ఎవరు పేల్చిరి?"

"మనోళ్ళే. ఒక ఔటు పక్కకి పేలి మా పిన్నత్త చీర అంచు కాలింది. ఇప్పటికీ చెప్పి తిడతది."

"స్వల్ప నష్టము. అందరి బట్టలూ ఎర్రబడినవట?"

శేషారత్నం నవ్వింది. "వసంతం చల్లుకున్నాం గదయ్యా. పసుపూ సున్నం కలిపిన నీళ్ళు. అవతలోళ్ళని తలనించి పాదం దాకా తడిపాం."

"రక్తసిక్తము," అన్నాడు మేజర్.

"రక్తం కాదు బాబూ, సున్నం."

"సాక్షి ఆనాటి దృశ్యమును తలచుకొనుటకు ఇష్టపడుట లేదు. సహజమే. పదకొండుమంది పడిపోవుటకు కారణము?"

"పానకం. మిట్టమధ్యాన్నం నించి ఎండలో సైకిలు తొక్కి వచ్చారా, ఆరు బిందెల పానకం తాగేశారు. కడుపులు పట్టేసి చెట్ల కింద పడ్డారు."

టైపు మిషను ఒక్క క్షణం ఆగింది. మేజర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కల్నల్, దళము ఆనాడే ద్రవరూప ఆయుధమును ప్రయోగించినదన్నమాట. ఇది చరిత్రలో ప్రత్యేక అధ్యాయము."

కల్నల్ మజ్జిగ ముంత లోపలికి చూస్తూ ఉండిపోయాడు.

"ఇక శత్రు నాయకుడు. ఎట్లుండెను?"

"నల్లకళ్ళజోడు పెట్టుకునొచ్చాడు బాబూ, పొద్దుగూకే వేళప్పుడు! అందరూ నవ్వారు. బుగ్గన చుక్క, తలకి పాగా. ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న కోటు." ఆమె గొంతు మెత్తబడింది. "చాలా బాగున్నాడు."

"ముఖమును దాచుకొను యత్నము. బందీగా పట్టుకున్నప్పుడు మీరు చూసితిరా?"

"చూసేదేంది? పక్కనే కూర్చున్నా. అయినా బందీ అయ్యింది ఆయన కాదు బాబూ, నేను. మూడు ముళ్ళేసింది ఆయన."

ఆ మాట వాంగ్మూలంలో ఎక్కలేదు. సాక్షి సంబంధం లేని విషయాలు చెబుతున్నదని మేజర్ కొట్టేయించాడు.

ప్రధాన కార్యాలయం నిర్ణయం నెల తిరక్కుండా వచ్చింది. నల్లవాగుపాలెం దళానికి "పొలిమేర యుద్ధం" అధికారికంగా ప్రసాదించారు. విలీనం ప్రమాదం తప్పింది. దళంవాళ్ళు ఊళ్ళో మిఠాయి పంచుకున్నారు. అడుగున చిన్న అక్షరాలతో మరో పేరా ఉంది.

"శత్రు నాయకుడు కోటిలింగము యుద్ధానంతరము దళములోనే సిపాయి నెం. 217గా కనబడుచున్నాడు. కావున అతడు బందీగా పట్టుబడి, మనసు మార్చుకొని, దళమున చేర్చుకొనబడినట్లు నిశ్చయింపబడినది. తదుపరి గోడ దూకి గైర్‌హాజరైనందున, తన పూర్వ పక్షమునకు పారిపోయినట్లు భావింపబడినది. చరిత్రలో అట్లే వ్రాయవలెను."

వేదాద్రి కాగితం బల్లమీద పెట్టాడు. నలభై ఏళ్ళుగా తన తండ్రి రానివాడు. ఇప్పుడు పారిపోయినవాడు అయ్యాడు. ఒళ్ళు మండిపోయింది. బడినుంచి నిఘంటువు మోసుకొచ్చి, "ఎదురుకోలు" ఉన్న పుట కింద ఎర్రగీత గీసి, ఏడు పేజీల అభ్యంతరం రాసి పంపించాడు. ఉప్పుకయ్యలలో ఇంకా బతికున్న పదిహేనుమంది చేత వేలిముద్రలు కూడా వేయించాడు.

జవాబు చాలా పొట్టిది.

"1. నిఘంటువు సైనిక పత్రము కాదు. 2. బ్రతికియున్నవారి సాక్ష్యము ఒక మరణమును నిరూపింపజాలదు. 3. సదరు సంఘటన వివాహమే యని హవల్దారు పట్టుబట్టినచో, ఒక వంటవాని ఇంటి వివాహమునకు సాయుధ దళమును మొత్తముగా తరలించుట ఘోర క్రమశిక్షణారాహిత్యమగును. అట్టి దళమును తక్షణము రద్దు చేయవలసి యుండును. ఏది కావలెనో దళమే తేల్చుకొనవలెను."

కల్నల్ సుదర్శనం తలుపు మూసి వేదాద్రిని కూర్చోబెట్టాడు. అతను చెడ్డవాడు కాడు. రిటైరు కావడానికి రెండేళ్ళున్న మనిషి, అంతే.

"వేదాద్రీ, నేనేం చెయ్యనయ్యా? పెళ్ళి అంటే దళం పోతుంది. నాలుగువందల మంది. దళం పోతే ఆ రాయి పోతుంది. రాయే లేకపోతే మీ నాన్న పేరు ఎక్కడ చెక్కుతావు?"

"యుద్ధం అంటే మా నాన్న పారిపోయినవాడవుతాడు సార్."

"అవుతాడు," అన్నాడు కల్నల్ నిజాయితీగా.

వేదాద్రి ఆ సాయంత్రం కార్యాలయంలోనే కూర్చుని సైనిక మర్యాదల నియమావళి మొత్తం తిరగేశాడు. పిల్లలకి పద్యం విడగొట్టి చెప్పినట్టు ఒక్కొక్క వాక్యం విడగొట్టి చదివాడు. అరవై మూడో నియమం దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ చదివాడు. ఆరు నెలల తరవాత మొదటిసారి నవ్వాడు.

"రణమున ధైర్యముగ ఎదిరించి, తదనంతరము అసువులు బాసిన శత్రు నాయకునకు విజేతయగు దళము వందనము సమర్పించి, అతని పేరును శిలపై చెక్కింపవలెను. శత్రువుల విషయమున మరణ నిర్ధారణ పత్రము అవసరము లేదు."

మనవాడు చచ్చిపోయాడంటే శవం చూపించాలి, సాక్షులు కావాలి, సంతకాలు కావాలి. అవతలివాడు చచ్చిపోయాడంటే ఎవరైనా నమ్ముతారు. ఇంత సులువైన దారి ఉండగా తన తండ్రి నలభై ఏళ్ళు మనవాడిగా ఎందుకు ఉండిపోయాడా అనిపించింది వేదాద్రికి.

అతను దరఖాస్తు రాశాడు. ఈసారి ఏడు పేజీలు కాదు, ఏడు వాక్యాలు. గ్రాంథికంలో రాశాడు. కోటిలింగం దళంలో ఎన్నడూ మనస్ఫూర్తిగా చేరలేదనీ, ఎవరి ఉత్తర్వుకూ లొంగనివాడనీ, కావున శత్రువుగానే ఉండి శత్రువుగానే మరణించినట్లు గుర్తించి అరవై మూడో నియమం వర్తింపజేయవలెననీ ప్రార్థించాడు.

పంపేముందు తల్లికి చదివి వినిపించాడు.

"ఆయన్ని శత్రువని నువ్వే రాస్తున్నావేందిరా?" అంది శేషారత్నం.

"రాయకపోతే పారిపోయాడని వాళ్ళు రాస్తారమ్మా."

ఆమె చేటలో బియ్యంలోంచి ఒక రాయి ఏరి పారేసింది. "గేటు తెరవనోడు వీళ్ళవాడంట. గోడ దూకినోడు పరాయోడంట. సరేలేరా. వీళ్ళలో ఒకడిగా ఉండేకంటే ఆయనకి అదే నయం. పంపించు."

మేజర్ త్రివిక్రమరావు ఫోను చేశాడు. "దరఖాస్తు సక్రమముగ ఉన్నది. ఒక్క సందేహము. యుద్ధము జరిగిన ఆరేళ్ళకు గదా అతడు మరణించినది. యుద్ధమునకూ మరణమునకూ సంబంధమేమి?"

"ఆనాడు పొలిమేరలో తగిలిన దెబ్బ నుంచి ఆయన చివరిదాకా కోలుకోలేదు సార్," అన్నాడు వేదాద్రి. "మా అమ్మే సాక్షి."

"ఎట్టి దెబ్బ?"

"లోపలి దెబ్బ సార్. పైకి కనపడదు."

"అంతర్గత గాయము," అని అవతల రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

స్వర్ణోత్సవం శిబిరం మొదటిరోజున, వైశాఖ శుద్ధ దశమి నాడే పెట్టారు. యుద్ధాన్ని మళ్ళీ ఆడి చూపించాలని ప్రధాన కార్యాలయం ఆదేశం. ముప్పై నాలుగు సైకిళ్ళు తెప్పించారు. పడమటి దిక్కునుంచి ముప్పై నలుగురు సిపాయిలు తొక్కుకుంటూ వచ్చారు. ముందున్నవాడికి పాగా చుట్టి, నల్లకళ్ళజోడు పెట్టారు. శత్రు నాయకుడి వేషం చరిత్ర ప్రకారం ఉండాలని మేజర్ బుగ్గన చుక్క కూడా పెట్టించాడు. ఇవతలినుంచి దళమంతా బ్యాండుతో ఎదురెళ్ళింది. పన్నెండు ఔట్లు పేలాయి. బకెట్లతో ఎర్రనీళ్ళు చల్లారు. "పదకొండుమంది పడుడు!" అని మైకులో చెబితే లెక్కగా పదకొండుమంది చెట్టు నీడ చూసుకుని పడ్డారు.

గట్టు మీద నిలబడ్డ ఊరివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "పెళ్ళెవరిదంటా?" అని ఒక ముసలాయన గట్టిగానే అడిగాడు.

"యుద్ధం తాతా," అన్నారు ఎవరో.

"మరి భోజనాలెక్కడ?"

తరవాత నల్లరాయి మీది గుడ్డ తీశారు. యాభై ఏళ్ళుగా నున్నగా ఉన్న రాయి మీద మొట్టమొదటి అక్షరాలు కనిపించాయి. "పొలిమేర యుద్ధమున ఈ దళమును ఎదిరించిన శత్రు నాయకుడు మాచవరపు కోటిలింగము. ఇతని ధైర్యమునకు దళము వందనము చేయుచున్నది." కల్నల్ గొంతెత్తి ఆజ్ఞ ఇచ్చాడు. నాలుగువందల బూట్లు ఒక్కసారి నేలను తాకాయి. నాలుగువందల చేతులు పైకి లేచాయి. మేజర్ కూడా ఫైలు చంకలో పెట్టుకుని సెల్యూట్ చేశాడు. కండక్టర్లూ, కాంపౌండర్లూ, దర్జీలూ, మిషను ఆపరేటర్లూ కదలకుండా నిలబడ్డారు. ఆ రాయి మీది మనిషి ఎవరో వాళ్ళందరికీ తెలుసు. వాళ్ళలో ఇద్దరు ఉప్పుకయ్యలవాళ్ళు. ఒకడు తన తండ్రినీ, ఒకడు తన అమ్మమ్మనూ ట్యూబుల మీద దాటించిన మనిషికి సెల్యూట్ చేస్తున్నారు.

చేతులు దిగాక, గేటు దగ్గర కాపలావాడు ఎవరినో ఆపబోయి పక్కకు తప్పుకున్నాడు. శేషారత్నం వస్తున్నది. పెళ్ళినాటి చీర, మడతల దగ్గర చిరుగులు పట్టింది. చంకలో ఇత్తడి బిందె, పైన తులసి ఆకులు. ఆమె తిన్నగా రాయి దగ్గరికి వెళ్ళి ముందు ఒక గ్లాసు వంచి రాయి కింద పోసింది. చెక్కిన అక్షరాలను వేలితో ఒక్కొక్కటే తడిమింది. ఆమెకు చదువు రాదు. అక్షరాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటున్నట్టుంది.

"ఈ ద్రవము ఏమిటి?" అన్నాడు మేజర్ ఒకడుగు వెనక్కి వేసి.

"పానకం బాబూ. ఎదురుకోలు కదా. ఇంతదూరం వచ్చినోడికి ఇవ్వకపోతే ఎట్టా?" ఆమె గ్లాసు అతని చేతికి అందించింది. "నలభై ఏళ్ళ నించి ఎదురు చూస్తన్నా. ఇయ్యాళ మీరందరూ మేళంతో పోయి తీసుకొచ్చారు. తాగు నాయనా, నువ్వు కూడా ఆడపెళ్ళివాడివే."

మేజర్ గ్లాసు అందుకున్నాడు. పానకం మొత్తం తాగాడు. ఆ తరవాత ఫైలు తెరిచి, "యుద్ధానంతరము పానక వితరణ, వార్షిక సంప్రదాయముగా కొనసాగించవలెను" అని రాసుకున్నాడు. ఇప్పటికీ నల్లవాగుపాలెం దళం ప్రతి ఏడూ వైశాఖ శుద్ధ దశమి నాడు ఆయుధాలతో పొలిమేరకు వెళ్ళి పానకం తాగి వస్తుంది. ఎందుకో కొత్తగా చేరేవాళ్ళకి చరిత్ర పుస్తకంలో నూట ముప్పై పేజీల్లో వివరంగా ఉంది.

రెండువందల పదిహేడో నంబరును జాబితానుంచి తొలగించే ఉత్తర్వు మర్నాటినుంచి అమలు. అంచేత ఆ రోజుకి ఆ పేరు ఇంకా రిజిస్టరులో ఉంది. ఉదయం హాజరు పిలిచినప్పుడు అలవాటు ప్రకారం వేదాద్రి దానికెదురుగా "గైర్‌హాజరు" అని రాశాడు కూడా.

జనం వెళ్ళిపోతుండగా అతను రిజిస్టరు తెరిచాడు. తల్లి ఇంకా రాయి దగ్గరే ఉంది, బిందె పక్కన పెట్టుకుని, వరసలో వచ్చిన సిపాయిలకు పానకం పోస్తూ, పెళ్ళిపీటల మీద కూర్చున్నంత నిటారుగా. వేదాద్రి "గైర్" అన్నదాని మీద అడ్డంగా గీత కొట్టాడు. మిగిలిన మాట "హాజరు". దాని కింద పొడి సంతకం చేసి, తారీఖు వేసి, రిజిస్టరు మూసి, పానకం కోసం వరసలో నిలబడ్డాడు.